ఉత్త గాజు మీద చుక్కలు

ఆయనకు మాట్లాడుతూ గాజు కడగడం చేతనయ్యేది కాదు. పల్చటి గాజు పలకలున్న గిన్నె చేతిలోకి తీసుకున్నాడంటే నోరు మూతపడేది. ముక్కుతో మాత్రం ఏదో చర్చి పాట సన్నగా తీసేవాడు. పాట నాలుగు చరణాలు అయితే ఒక కడుగుడు అయినట్టు లెక్క. సబ్బునీళ్ళకు నాలుగు చరణాలు, స్పిరిట్‌కు నాలుగు, క్షారానికి నాలుగు, ఆ తర్వాత శుద్ధి చేసిన నీళ్ళతో మళ్ళీ మొదటినుంచి. గోడకు గడియారం ఉంది, బల్ల మీద టైమరూ ఉంది. వాటిని చూసేవాడు కాదు. "టైమరు మోగేదాకా మనిషి యాడికన్నా పోతాడు పాపా. పాడేటోడు ఆడ్నే ఉంటాడు" అనేవాడు.

పోయిన నెల ఒక మధ్యాహ్నం ఆయన పోయినట్టు మెసేజి వచ్చింది. మార్కాపురంలో ఆయన పాఠాలు చెప్పిన జూనియర్ కాలేజీలో చదువుకున్న అమ్మాయి పంపింది. "సార్ నిన్న క్లాసులో ఉండగానే గుండె ఆగి పోయినారు మేడమ్. శనివారం ఆదరణ కూడిక. అవ్వ మీకు చెప్పమంది." అవ్వ అంటే ఆయన తల్లి. ఆదరణ కూడిక అంటే పోయినవాళ్ళ ఇంటివాళ్ళను ఓదార్చడానికి చర్చివాళ్ళు పెట్టే ప్రార్థన. నేను ఆ మెసేజి చదివి ఫోను బోర్లా పెట్టి, చేస్తున్న పని చేసుకుంటూ పోయాను. సాయంత్రం బస్సులో ఏడుపొచ్చింది. పక్క సీటులో ఆవిడ వాటర్ బాటిల్ ఇచ్చింది.

నేను నోటిదురుసు మనిషిని. ఇంట్లో అయినా, ల్యాబ్‌లో అయినా, బస్సులో సీటు దగ్గరైనా మాట పడి ఊరుకునే రకం కాదు. మా అమ్మ నన్ను గయ్యాళి అనే పెంచింది. అటువంటి నేను ఒక్క మాట మాత్రం పన్నెండేళ్ళు నోట్లోనే పెట్టుకుని తిరిగాను. ఈ రోజు బెంగుళూరులో ఒక ల్యాబ్ తలుపు మీద నా పేరుతో బోర్డు ఉంది. అటువంటి బోర్డు నాకన్నా ముందే ఆయన పేరుతో ఉండాల్సింది. అది లేకపోవడానికి కారణం నేను. ఈ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే ఉండేవాళ్ళం.

నేను బెంగుళూరులోనే ఒక ల్యాబ్‌లో పరిశోధనకు చేరిన రోజు, అక్కడ సీనియర్‌గా ఉన్న ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న చదువు గురించి కాదు. ప్రొఫెసర్ పరిచయం చేసి వెళ్ళగానే, "నీ మాటను బట్టి చూస్తే మన వైపే అనిపిస్తుండాది. ఏ ఊరు?" అన్నాడు. గిద్దలూరు దగ్గర పల్లె అని చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. "మాది మార్కాపురం. రైల్లో నువ్వు నాకన్నా ముందు దిగిపోతావు. అదృష్టవంతురాలివి" అన్నాడు. అప్పటినుంచి నేను పాపను, ఆయన అన్న. ఊరికి పోయినప్పుడల్లా ఒకే రైలు. నల్లమల దాటి గిద్దలూరు వస్తుందనగా నా సంచులు ఆయనే తలుపు దాకా మోసేవాడు. నేను దిగాక కిటికీలోంచి మా నాయనను పలకరించేవాడు. మా నాయన ఆయనను ప్రతిసారీ ఒకే మాట అడిగేవాడు.

"ఏం నాయనా, ఇంకా చదువుతానే ఉండావా?"

"ఇంకా కొంచెం ఉండాది చిన్నాయనా."

"ఎప్పుటికి అయిపోతాదది?"

"అది మాకూ చెప్పరు" అని నవ్వేవాడు. రైలు కదిలేది.

మా నాయన తప్పేం లేదు. పీహెచ్‌డీ అయిపోయి ఏళ్ళు దాటినా ఆయన ఉద్యోగం ఏడాదికొకసారి వచ్చే కాగితం మీద నడిచేది. ప్రాజెక్టు పొడిగిస్తే ఇంకో ఏడాది, లేకపోతే లేదు. ఆ కాగితం వచ్చిన రోజు ల్యాబ్‌లో అందరికీ మైసూర్‌పాక్ పెట్టేవాడు. "ఇంకో ఏడాది వెలగనిచ్చినారు" అనేవాడు. పెళ్ళి సంబంధాలవాళ్ళకు ఆ ఉద్యోగం ఏమిటో ఆయన తల్లి చెప్పలేకపోయేది. "మా వాడు చుక్కలు లెక్కపెడతాడు" అని చెప్పి ఊరుకునేదట. అది విన్నవాళ్ళు జ్యోతిష్యమా అని అడిగినట్టు చెప్పి పడీపడీ నవ్వేవాడు.

నిజానికి ఆమె సరిగ్గానే చెప్పింది. మా పని చుక్కలు లెక్కపెట్టడమే. మనం వెతికే అణువుకు వెలిగే రంగు ఒకటి తగిలిస్తాం. గాజు మీద ఉంచి లేజర్ వెలుగు వేస్తే, చీకటి గదిలో కంప్యూటర్ తెర మీద ఒక్కో అణువూ ఒక్కో చుక్కగా కనపడుతుంది. కాసేపు వెలిగి ఆరిపోతుంది. ఆరిపోవడంలోనే ఉంది కిటుకంతా. మెల్లమెల్లగా మసకబారితే అది గుంపు. ఒక్క దెబ్బకు ఆరితే అది ఒక్కటే. మొదటిసారి నేను ఆ చుక్క ఆరడం చూసినప్పుడు ఆయన పక్కనే ఉన్నాడు. "చూసినావా, చెప్పకుండా పోయింది. ఒక్కటిగా ఉండేటివి అట్లనే పోతాయి" అన్నాడు. అప్పుడు నేను నవ్వాను.

ఇన్ని లక్షల అణువులుండగా ఒక్కోదాన్ని పట్టుకోవడం ఎందుకని కొత్తవాళ్ళు అడిగేవాళ్ళు. ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే. "ఊరి సగటు తీస్తే ఊరంతా బాగున్నట్టే ఉంటది. మా అమ్మ దగ్గు అందులో కనపడదు."

ఆయన తల్లి మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పనిచేసేది. రాయి కోసే చోట, నునుపు చేసే చోట ముప్పయ్యేళ్ళు దుమ్ములో గడిపిన మనిషి. ఆయన చిన్నప్పుడు బడి అయ్యాక ఫ్యాక్టరీకే వెళ్ళి ఆమె పక్కన కూర్చునేవాడట. పలక నునుపు సరిపోయిందో లేదో బొటనవేలితో రాసి చెప్పడం అక్కడే అలవాటైంది. మా ల్యాబ్‌లో గాజును వేలితో తాకితే ఇంకేముంది, పనంతా పాడు. అయినా ఆ వేలు ఊరుకునేది కాదు. గాజు పలకను చిమటాతో పట్టుకుని దీపానికి ఏటవాలుగా పెట్టి చూస్తున్నప్పుడు, రెండో చేతి బొటనవేలు దానికి కొంచెం దూరంలో గాలినే రాస్తూ ఉండేది. దాని మీద ల్యాబ్‌లో అందరం ఆయనను ఏడిపించేవాళ్ళం. ఆయన వేలు జేబులో పెట్టుకునేవాడు. కాసేపటికి మళ్ళీ బయటికొచ్చేది.

శుభ్రం విషయంలో మాత్రం ఎవరికీ మొహమాటం లేదు. ఉంగరాలు తీయించేవాడు, గడియారాలు తీయించేవాడు, తలకు నూనె పెట్టుకొచ్చిన కుర్రవాణ్ణి ఇంటికి పంపేశాడు. కొలత తీసే రోజు పప్పూ కూరా చేత్తో కలుపుకుని తినకూడదు, చెంచాతోనే తినాలి. కూరలో పసుపుంటుంది, పసుపు లేజర్ కింద వెలుగుతుంది. ఒకసారి ప్రొఫెసర్‌నే చేతులు కడుక్కుని రమ్మని గుమ్మంలో ఆపాడు. వీటన్నిటికీ పైన ఇంకో నియమం. కొత్తగా కడిగిన ప్రతి దొంతరలోంచీ ఒక పలక తీసి, దాని మీద ఏమీ వేయకుండా ముందు ఉత్త గాజును చూడాలి. అది చీకటిగా ఉంటేనే మిగతా పని. "ఏమీ లేనికాడ ఏమీ లేదని తేలితేనే, ఉన్నకాడ ఉందని చెప్పే హక్కు మనకు" అనేవాడు.

ఆయన వెతుకుతున్నది తల్లి కోసమే అని ఎప్పుడూ పైకి అనలేదు, కానీ మా అందరికీ తెలుసు. రాతి దుమ్ము పీల్చేవాళ్ళ ఊపిరితిత్తులు పాడయ్యాయని ఎక్స్‌రే చెప్పేసరికి చాలా ఆలస్యం అవుతుంది. పాడవడం మొదలైనప్పుడే ఒక ప్రోటీన్ నెత్తురులోకి చాలా కొద్దిగా జారుతుందేమో, ఒక్కో అణువునూ లెక్కపెట్టగలిగితే ముందే కనిపెట్టి ఆ మనిషిని దుమ్ములోంచి బయటికి తేవచ్చేమో అని ఆయన ఊహ. మార్కాపురం వెళ్ళి, ఒక డాక్టరు సాయంతో, ఒప్పుకున్న కార్మికుల నెత్తురు సేకరించి మంచుపెట్టెలో పెట్టుకుని రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. ఆ పెట్టెను ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. టీ కూడా తాగలేదు.

అదే ఏడు ఒక పెద్ద సంస్థలో శాశ్వత ఉద్యోగానికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. సొంత ల్యాబ్, సొంత విద్యార్థులు. దానికి వయసు హద్దు ఉంది, ఆయనకు అదే ఆఖరి అవకాశం. ఈ పని ఫలితాన్ని పరిశోధన పత్రంగా ఏదైనా పత్రిక అచ్చుకు ఒప్పుకుంటే ఉద్యోగం ఖాయమని ప్రొఫెసర్ అన్నాడు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ నెత్తురు ముందే చూసేశాడు, తాను కడిగిన గాజు మీద. తెర మీద చుక్కలు అరకొరగా ఉన్నాయి. కార్మికుల నెత్తురు చూడాల్సి ఉంది. సమయం తక్కువగా ఉందని గాజు కడిగే పని నాకు అప్పజెప్పాడు. అంతకుముందు ఆ పని ఆయన ఎవరికీ ఇవ్వలేదు. నేను రెండో ఏడాది విద్యార్థిని, ఎగిరి గంతేశాను.

సరిగ్గా దానికి ముందే నేను శ్రావణమాసంలో ఊరికి వెళ్ళొచ్చాను. వరలక్ష్మీ వ్రతం చేసి మా అమ్మ నా కుడిచేతికి తోరం కట్టింది. పసుపులో ముంచి ముడులు వేసిన దారం అది. "చదువు చల్లగా సాగాలని కట్టినా. దానంతట అది ఊడేదాకా తీయబాక" అంది. నేను తీయలేదు. అన్నం చెంచాతో తిన్నాను, ఉంగరం తీసి పెట్టెలో పెట్టాను, మూడు జతల గ్లౌజులు మార్చాను. గ్లౌజు పైకి లాక్కునే ప్రతిసారీ నా వేళ్ళు ఆ దారాన్ని తాకుతున్నాయన్న ఆలోచనే నాకు రాలేదు. దేవుడి దారం మురికి కాదు కదా. పాట పాడుతూ నాలుగేసి చరణాలు కడిగాను, ఆయన లాగే.

కార్మికుల శాంపిళ్ళలో తెర నిండా చుక్కలు వచ్చాయి. ఒక్కోటీ ఒక్క దెబ్బకు ఆరిపోయాయి. ఆ రోజు ఆయన చీకటి గదిలోంచి బయటికొచ్చి గ్లౌజులు తీసి పారేశాడు. తర్వాత ఇంటికి ఫోను చేసి, "అమ్మా, ఇంక నువ్వు ఫ్యాక్టరీకి పోబాక" అన్నాడు. ఆ ఒక్క మాటే. పత్రం రాసి పంపారు. కొన్ని వారాలకు అచ్చుకు ఒప్పుకున్నారు. ఇంటర్వ్యూకు పది రోజులు ఉంది.

ఒక శనివారం పొద్దున ఆయన నన్ను చీకటి గదిలోకి పిలిచాడు. తెర మీద చుక్కలు మిణుకుమంటున్నాయి.

"ఇందులో ఏముందో చెప్పు పాపా."

"ఎవరి శాంపిల్ అన్నా?"

"ఎవరిదీ కాదు. నువ్వు కడిగిన దొంతరలో మిగిలింది. ఉత్త గాజు."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయన నా చేతి వంక చూశాడు. కత్తెరతో ఆ తోరం కొస నుంచి ఒక్క పోగు, ఎంతో జాగ్రత్తగా, ముడి తెగకుండా కత్తిరించాడు. దాన్ని స్పిరిట్‌లో ముంచి, ఆ స్పిరిట్‌ను ఎన్నో రెట్లు పలచన చేసి, తాను కడిగిన గాజు మీద ఒక బొట్టు వేశాడు. తెర నిండా అవే చుక్కలు. అట్లాగే వెలిగి, ఒక్కోటీ ఒక్క దెబ్బకు ఆరిపోయాయి. పసుపు అణువైనా ఒక్కటిగా ఉంటే అట్లాగే ఆరుతుంది మరి. మేమిద్దరం అన్నీ ఆరేదాకా చూశాం.

"మంచి పసుపు. ఇంట్లో దంచిందా, దుకాణంలోదా?" అన్నాడు.

నేను ఏడుపు మొదలుపెట్టాను. ఆయన లైటు వేయలేదు. నా ఏడుపు కనపడకూడదనేమో.

"నేను చూసినా పాపా" అన్నాడు కాసేపటికి. "నువ్వు ఊరినుంచి వచ్చిన రోజే నీ చేతికి అది చూసినా. ఎవరి చేతికి ఏమున్నా తీసెయ్యమనే నేను నోరు తెరవలేకపోయినా. అది మీ పూజది. మేము చర్చికి పోయేటోళ్ళం. నేను తీసెయ్యమంటే నీకెట్లుంటదో, మీ అమ్మకు ఎట్లుంటదో అని ఊరుకున్నా. పైగా తొందరలో నీ దొంతరకు ఉత్త గాజు చూడకుండా నా పాత దొంతరదే లెక్కలో వేసినా. దారం నీదైనా రూలు నాది. రూలు పెట్టినోడిదే తప్పు."

"సార్‌కు నేను చెప్తా అన్నా."

"ఎవరికీ చెప్పబాక. రెండో ఏట్లో ఉండావు. ఈ మాట బయటికి పోతే నిన్ను ఉంచరు. నాదెట్లాగూ అయిపోయె, నీదింకా మొదలే కాలేదు."

నేను చెప్పలేదు. ఇక్కడ నేను ఎన్ని సాకులైనా రాయగలను. భయం వేసింది, చిన్నదాన్ని, ఆయన వద్దన్నాడు. అన్నీ నిజమే. కానీ ఆ రోజు ఆయన వద్దనగానే నా గుండెలోంచి బరువు దిగినట్టయింది. అది నాకు బాగా గుర్తుంది. ఆ సుఖానికి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

ఆ సాయంత్రమే ఆయన పత్రం వెనక్కి తీసుకుంటున్నట్టు ఉత్తరం రాశాడు. ఎవరు కడిగారని ప్రొఫెసర్ అడిగితే "నేనే" అన్నాడు. ఇంటర్వ్యూకు వెళ్ళాడు. వాళ్ళు అడగకముందే తానే చెప్పాడట, ఆ పత్రం ఇప్పుడు లేదని, ఆ చుక్కలు గాజు మీది మురికని. మళ్ళీ ఊరికి పోయేటప్పుడు రైల్లో నాకు ఆ కథ చెప్పాడు. "మంచోళ్ళు పాపా. కూర్చోబెట్టి టీ ఇచ్చినారు. నిజం చెప్పినందుకు ఒకాయన లేచి చెయ్యి కలిపినాడు. ఉద్యోగం మాత్రం ఇయ్యలేమన్నారు" అన్నాడు. గిద్దలూరులో నా సంచులు మామూలుగానే తలుపు దాకా మోశాడు. మా నాయన మామూలుగానే అడిగాడు, ఇంకా చదువుతుండావా అని. "అయిపోయింది చిన్నాయనా" అన్నాడు. మా నాయన సంతోషపడ్డాడు.

ఆ తర్వాతి ఏడు కాగితం రాలేదు. ఆయన మార్కాపురం వెళ్ళిపోయి జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పడానికి చేరాడు. నేను చదువు ముగించాను, ఫెలోషిప్పులు దాటాను, ఉద్యోగం తెచ్చుకున్నాను. ప్రతి మెట్టు మీదా ఆయనకు ఫోను చేశాను. ప్రతిసారీ నాకన్నా ఎక్కువ సంబరపడ్డాడు.

మధ్యలో ఒక్కసారి ఆయన కాలేజీకి వెళ్ళాను. పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని పిలిచాడు. వెంట్రుకలు నెరిశాయి, చొక్కా జేబు మీద సుద్దపొడి. ఎన్నో మరకలున్న ఆ ల్యాబ్‌లో పిల్లలతో గాజు పలకలు కడిగిస్తున్నాడు. కడిగిన గాజు మీద నీళ్ళు పోసి, నీళ్ళు బొట్లుగా ముడుచుకుంటే మురికున్నట్టు, పొరలాగా పరుచుకుంటే శుభ్రమైనట్టు అని చూపిస్తున్నాడు. ఇంటర్ పరీక్షలో అది రాదు. ప్రిన్సిపాల్‌కు అదంతా దండగ పనిలాగా ఉందని తెలుస్తూనే ఉంది. ఆయన పిల్లలవైపు తిరిగి నన్ను చూపించాడు. "ఈ మేడమ్ మన గిద్దలూరు పాప. ఈ దేశంలో ఒక్కో అణువును పట్టుకునేటోళ్ళు ఎక్కువమంది లేరు, అందులో ఒకరు. ఈమె చేతులు చానా శుభ్రం" అన్నాడు. ఎగతాళి కాదు. ఆయన నిజంగానే అట్లా అనుకుంటున్నాడు. ఆ మాటకు నాకు చెంప పగిలినట్టయింది. అప్పుడైనా ఆ పిల్లల ముందు చెప్పి ఉండాల్సింది. నేను నమస్కారం పెట్టి, కష్టపడి చదవాలని చెప్పి వచ్చేశాను.

ఆదరణ కూడిక రోజు, శనివారం పొద్దున నేను మార్కాపురంలో దిగి, నాకు మెసేజి పంపిన అమ్మాయి ఆటోలో వస్తే ఆమెతోపాటు ఆయన ఇంటికి వెళ్ళాను. ఆయన తల్లి గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. నాలుగు మాటలకు ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంటోంది. నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది.

"నీ గురించి వాడు ఎప్పుడూ చెప్తాండేటోడమ్మా. నువ్వు బాగుండావంట. వాడే ఏమీ కాకుండా పాయె" అంది. "ఒక్క గాజుముక్క కడగను రాకపాయె నా కొడుక్కి. నేను పలక కడిగితే మొహం కనపడేది. నా కడుపున పుట్టి, నా పక్కన కూర్చొని నేర్చుకొని, ఆ ఒక్కనాడు తొందరపడినాడు. ఉద్యోగం వస్తాదని నేను ఫ్యాక్టరీ మానేసినా. రాకపాయె. మళ్ళ పోయినా, ఆరేండ్లు. ఆ దుమ్ములో కూర్చున్నప్పుడల్లా కోపమొచ్చేది. ఇంటికొచ్చి అన్నం పెట్టేకాడ అనేదాన్ని, చేతులు సరిగ్గా కడుక్కోని నా కొడకా అని. నవ్వుకుంటా తినేటోడు."

ఆయన తన తల్లికి కూడా నిజం చెప్పలేదు. తల్లికైనా చెప్పి ఉంటాడని నేను ఎందుకో నమ్ముతూ వచ్చాను. ఆ నమ్మకం మీదనే ఇన్నేళ్ళు నిద్రపోయాను కాబోలు.

చర్చి ముందు షామియానా వేశారు. పాటలు అయ్యాక, పోయినాయన గురించి సాక్ష్యం చెప్పేవాళ్ళు రావచ్చని పాస్టరు గారు అన్నారు. అంటే తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే లేచి, ఆ మనిషి గురించి తాము కళ్ళారా చూసింది సంఘం ముందు చెప్పడం. చిన్నప్పటి స్నేహితుడు చెప్పాడు, తోటి లెక్చరర్ చెప్పాడు. తర్వాత నన్ను తీసుకొచ్చిన అమ్మాయి మైకు పట్టుకుంది.

"దేవునికి స్తోత్రం. సార్ మాకు ఫస్ట్ ల్యాబ్‌లోనే తన తప్పు తనే చెప్పినారు. 'నేను ఒక్కతూరి గాజు సరిగ్గా కడగలా, పెద్ద ఉద్యోగం పాయె, మీరన్నా కడగండి' అని. ప్రతి బ్యాచికీ చెప్పేటోరు. తన తప్పు అట్ల చెప్పుకునే సార్‌ను నేను ఇంకెక్కడా చూళ్ళేదు."

జనంలో కొందరు తలలూపారు, పాత విద్యార్థులు కొందరు ఏడుస్తూనే నవ్వారు. ముందు వరసలో ఆయన తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాస్టరు గారు నా పేరు పిలిచారు. బెంగుళూరు నుంచి వచ్చిన శాస్త్రవేత్త అన్నారు.

నేను రైల్లో ఒక కాగితం రాసుకుని తెచ్చుకున్నాను. ఆయన క్రమశిక్షణ, నిరాడంబరత, అటువంటి మాటలు అందులో ఉన్నాయి. మైకు ముందు నిలబడి ఆ కాగితం తెరిచాను కానీ చదవలేకపోయాను. ఆయన తల్లి నన్నే చూస్తోంది.

"ఆ గాజు కడిగింది ఆయన కాదు" అన్నాను. "నేను. నా చేతికి పసుపు దారం ఉంది, ఆ పసుపు గాజుకు అంటింది. ఆయనకు తెలుసు. నన్ను తీసేస్తారని తన మీద వేసుకున్నాడు. నేను ఊరుకున్నాను. ఆయన ఉద్యోగం పోయింది నా వల్ల. ఇప్పుడు నేను చేస్తున్నది అటువంటి ఉద్యోగమే."

మైకు గుర్రుమంటే ఎవరో ఆపారు. ఆయన తల్లికి అంతా వినపడలేదేమో, పక్కనున్న అమ్మాయిని ఏదో అడిగింది. ఆ అమ్మాయి వంగి ఆమె చెవిలో చెప్పింది. అంతా విన్నాక ఆమె నన్ను రమ్మని చేయి ఊపింది. వెళ్ళి ఆమె కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను. తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగింది.

"అయితే వాడు బాగనే కడిగినాడా?"

"బాగనే కడిగినాడమ్మా. ఆయనంత బాగా కడిగినోళ్ళను నేను ఇంతవరకు చూళ్ళేదు."

ఆమె తల ఊపింది. రెండుసార్లు ఊపింది. కళ్ళు తుడుచుకోలేదు.

"అన్నం కాడ కూర్చోబెట్టి అన్నేండ్లు అంటి కదమ్మా వాణ్ని" అంది. "ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు అంటి. ఆ మాటలన్నీ నేనిప్పుడు ఏం జేసుకోవాల?"

పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టబోయి ఆగారు. ఆమె నా మొహంలోకే చూస్తోంది. ఊరికే అన్న మాట కాదది. జవాబు కోసం అడుగుతోంది.